నాలుగో అంతస్తు గొంతు

షాపింగ్ సెంటర్ నడిబొడ్డున ఉన్న ఫౌంటెన్ దగ్గర ఒక మనిషి నిలబడి ఐస్‌క్రీమ్ తింటున్నాడు. బయట ఎండ పేలిపోతోంది. తెచ్చుకున్న నీలం గొడుగును మడిచి చంకలో ఇరికించుకున్నాడు. సెలవు రోజు కావడంతో ఎస్కలేటర్ల మీద జనం కిటకిటలాడుతున్నారు.

పైకప్పులోని స్పీకర్లు కిర్రుమన్నాయి.

"దయచేసి వినండి. నీలం గొడుగు ఒకటి మాకు దొరికింది. పోగొట్టుకున్నవారు నాలుగో అంతస్తులోని సమాచార కేంద్రానికి రావలసిందిగా మనవి."

ఆ మనిషి చంకలోని గొడుగును తడిమి చూసుకున్నాడు. తనది తన దగ్గరే ఉంది. పాపం ఎవరో అనుకుంటూ నవ్వాడు. ఐస్‌క్రీమ్ ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అంతలో దోమ కుట్టినట్టు అతని చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ తర్వాత ఫౌంటెన్ గట్టు మీదికి ఒరిగిపోయాడు, అలసిపోయి నిద్రపట్టినవాడిలా.

"గుండెపోటు" అన్నారు చుట్టూ మూగినవాళ్ళు.

గుండెపోటు కాదు. అతను దేశ రక్షణ శాఖలో సంకేత భాషలు విప్పే ఉద్యోగి. అంతకుముందు వారమే పక్కనున్న పండ్ల మార్కెట్లో అతని సహోద్యోగిని ఒకామె ఇలాగే కుప్పకూలింది. ఆమె చేతిలో ఎర్ర సంచి ఉంది. దానికి కాసేపటి ముందు స్పీకర్లో ఎర్ర సంచి దొరికిందని చెప్పారు.

చెప్పిన గొంతు ఒక్కటే. ఆ గొంతు గలావిడ చనిపోయి కొన్నేళ్ళయింది.

* * *

పాత మార్కెట్లో గడియారాలు బాగుచేసేవాళ్ళ సందు చివర ఒక కళ్ళజోళ్ళ షాపు ఉంది. మర్నాడు పొద్దున మౌని అందులోకి అడుగుపెట్టాడు.

"ఎడమ కంటికి అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి" అన్నాడు కౌంటర్‌లోని అమ్మాయితో.

"కుడి కంటికి?"

"అది చూడటం మానేసింది."

అమ్మాయి తలెత్తకుండానే కౌంటర్ కింది స్విచ్ నొక్కింది. "లోపల డాక్టర్ గారున్నారు, వెళ్ళండి."

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మౌని అనేవాళ్ళు. అసలే మితభాషి. భార్య పోయాక ఆ ఉన్న నాలుగు మాటలు కూడా ఇంట్లోనే పెట్టి తాళం వేసి వస్తాడని వెనకాల జోకులు వేసుకునేవాళ్ళు. ముందర మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అతను పట్టిన మనిషి మళ్ళీ తప్పించుకున్న దాఖలా లేదు.

చీకటి గదిలో, వెలుగుతున్న అక్షరాల బోర్డు ముందు పెద్దాయన కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌ను నడిపేది ఆయనే. ఏ ఉపోద్ఘాతం లేకుండా టేప్ ఆన్ చేశాడు.

'నీలం గొడుగు ఒకటి మాకు దొరికింది...'

మౌని కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నన్ను పిలవకుండా ఉండాల్సింది సార్."

"ఇంకెవర్ని పిలవను? ఆ గొంతుతో కాపురం చేసినవాడివి నువ్వొక్కడివే." పెద్దాయన టేప్ ఆపాడు. "మార్కెట్, షాపింగ్ సెంటర్, వెనకాల పార్కు. మూడూ ఒకే కంపెనీవి. స్పీకర్ లైను కూడా ఒకటే. మీ ఆవిడ పోయేముందు రికార్డు చేసిన ప్రకటనలనే వాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. నీకు తెలుసు కదా?"

తెలుసు. అందుకే అతను ఇన్నాళ్ళూ ఆ ఛాయలకు రాలేదు. ఒక సబ్బు కావాలన్నా ఊరికి ఆ చివరికి వెళ్ళి కొనుక్కునేవాడు.

"పాత రికార్డింగులను ముక్కలు చేసి అతికించారా? అది తేలాలి నాకు."

"కాదు."

"ఎలా చెప్పగలవు?"

"దొరికిన వస్తువుల గురించి తను ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు. అప్పటికప్పుడే మైకులో చెప్పేది. అదీగాక..." మౌని ఆగాడు. "'మనవి'కి ముందు ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఇది బతికున్న మనిషి సార్."

గదిలో ఒక మూల నుంచి పొడి దగ్గు వినిపించింది. అక్కడ ఇంకొకరు కూర్చున్నారని మౌని అప్పుడే గమనించాడు. నెరిసిన జుట్టు, చేతికర్ర. చనిపోయిన ఇద్దరూ పనిచేసింది ఈ ప్రొఫెసరమ్మ దగ్గరే. ఒక విదేశీ ముఠా వాడే సంకేత భాషను ఆమె సగం విప్పింది. మిగతా సగం ఆమె తలలోనే ఉంది.

"ఆదివారం పార్కులో పూల ప్రదర్శన ఉంది. నేను వెళ్తున్నాను" అంది ఆమె.

"వద్దంటే వినడం లేదు" అన్నాడు పెద్దాయన.

"ఎందుకు వినాలి? నేను ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చుంటే వాళ్ళు ఇంకో ఊళ్ళో ఇంకొకర్ని చంపుతారు. ఆ ఇద్దరూ నా చేతికింద పెరిగిన పిల్లలయ్యా. చంపినవాడి మొహం నేను చూడాలి." ఆమె మౌని వైపు తిరిగింది. "నువ్వు చూపిస్తావట."

పెద్దాయన మౌని చేతికి ఒక కళ్ళజోడు ఇచ్చాడు. దాని పుల్లలో రిసీవర్ ఉంది. స్పీకర్ లైనులో వచ్చే ప్రతి మాటా చెవిలో పడుతుంది. తర్వాత ఒక గ్రీజు గన్ ఇచ్చాడు. "ఇందులో ఉన్నది గ్రీజు కాదు, జిగురు. గాలి తగిలిన మరుక్షణం రాయి అవుతుంది. నీ వేలికి అంటుకుంటే వేలు మరిచిపో. రేపటి నుంచి నువ్వు ఎస్కలేటర్ మెకానిక్‌వి." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. ఆ గొంతు వెనకాల ఎవరున్నా, వాళ్ళు మీ ఆవిడ కాదు. అది గుర్తుపెట్టుకో. లేకపోతే ఈసారి పడిపోయేది నువ్వు."

* * *

బూడిద రంగు ఓవరాల్స్ వేసుకుని, టూల్ బాక్స్ భుజాన తగిలించుకుని, మౌని మార్కెట్ మీదుగానే వెళ్ళాడు. తాళాలు చేసేవాళ్ళ సందు, బట్టల దుకాణాల బారు, పండ్ల మార్కెట్. ప్రతి స్తంభానికీ ఒక స్పీకర్. పండ్ల మార్కెట్లో ఆమె పడిపోయిన చోట ఇప్పుడు దానిమ్మకాయలు పేర్చి అమ్ముతున్నారు. మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఫోటోగ్రాఫర్ ఒకడు ఎదురొచ్చి "సార్, ఒక్క ఫోటో? క్షణంలో ఇచ్చేస్తా" అన్నాడు. మౌని తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు.

షాపింగ్ సెంటర్ గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మొదటి ఎస్కలేటర్ మీద కాలు పెట్టగానే నెత్తిమీద నుంచి భార్య మాట్లాడింది.

"దయచేసి పిల్లల చెయ్యి వదలకండి."

అతను ఎస్కలేటర్ పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. పక్కనున్న తల్లి ఎవరో ఆ మాట వినబడగానే కూతురి చెయ్యి అందుకుంది. తనకు లేని పిల్లల గురించి తన భార్య రోజంతా ఊరికి జాగ్రత్తలు చెబుతోంది. పొద్దున చెప్పింది. మధ్యాహ్నం చెప్పింది. ఎస్కలేటర్ రేకు విప్పి కింద గొలుసుల మధ్య పడుకున్నప్పుడు కూడా చెప్పింది. మెట్టు మెట్టుకూ వందల కాళ్ళు అతని మొహం మీదుగా వెళ్తుంటే, కళ్ళు మూసుకుని అలా వింటూ ఉండిపోయాడు. పక్కన పనిచేసే అసలు మెకానిక్ అతని భుజం తట్టి, "ఏం గురువుగారూ, కింద నిద్రపోతే పైన చెప్పులు కనిపిస్తాయిగానీ కలలు రావు" అన్నాడు.

సాయంత్రం అతను నాలుగో అంతస్తుకు వెళ్ళాడు. సమాచార కేంద్రం గాజు గదికి తాళం వేసి ఉంది. లోపల దుమ్ము. భార్య కూర్చుని ప్రకటనలు చెప్పిన కుర్చీ. వీపుకు ఆసరాగా తను కొనిచ్చిన దిండు, ఎలుకలు కొరికేసింది. మైకు ఉండాల్సిన చోట మైకు లేదు. బల్ల కింద నుంచి ఒక వైరు మాత్రం గోడలోని కన్నంలోకి వెళ్తోంది. గదంతా దుమ్ము పట్టినా ఆ వైరు మీద ధూళి కణం లేదు.

వైరు వెళ్ళిన దారి పట్టుకుని అతను సర్వీసు మెట్ల వెంట దిగాడు. అది మూడో అంతస్తులో ఒక సెంటు షాపు వెనక గోడలోకి దూరింది.

ఆ షాపు అతనికి తెలుసు. ఊరంతటికీ తెలుసు. సెంటర్ ముందు గోడ మీద, మేడ ఎత్తున, ఆ షాపు ప్రకటన ఉంటుంది. అందులో వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి మొహం అతను లోపలికి వస్తూ కావాలని చూడలేదు. ఆమె అతని మరదలు. భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. పరాయి దేశాల్లో మోడలింగ్ చేస్తోందని విన్నారు. అక్క పోయినప్పుడు కూడా రాలేదు.

చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో ఒకరి బదులు ఒకరు మాట్లాడితే తండ్రే పోల్చుకోలేకపోయేవాడట.

* * *

"ఈ తలుపు ఎప్పటిలోగా బాగుపడును?"

సెంటు షాపు మేనేజర్ తెలుగు ఏదో పుస్తకంలోంచి చదువుతున్నట్టుగా ఉంది. తెల్లగా, నున్నగా, చొక్కాకు మడత నలగకుండా ఉన్నాడు. షట్టర్ ఇరుక్కుపోయిందని మౌనిని పిలిపించింది అతనే. ఇరికించింది మాత్రం మౌని.

"చూస్తానండి. గంటో, అరగంటో."

"త్వరపడుము."

కౌంటర్ వెనక నుంచి మరదలు వచ్చింది. పచ్చ చీర, ఎత్తు మడమలు, మెడలో ఒక్క ముత్యం. షాపులో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్క క్షణం చేస్తున్న బేరం ఆపారు. ఆమె మౌని దగ్గరగా వచ్చి ఆగింది. మారువేషం, మీసం, నూనె మరకలు, కళ్ళజోడు. వాటన్నిటి మీదుగా చూపు జార్చి అతని కళ్ళ దగ్గర నిలిపింది.

"పాపం ఆ గ్రీజు వాసన భరించలేం సార్" అంది మేనేజర్‌తో. కౌంటర్ మీది సీసా అందుకుని మౌని మణికట్టు మీద ఒక చుక్క వేసింది. వేస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు అంది:

"కవెకళ్ళు."

మేనేజర్ తల తిప్పాడు. "ఏమది? ఏమంటివి?"

"ఈ సెంటు పేరు సార్. ఫ్రెంచ్."

మేనేజర్ సీసా వైపు చూసి తలూపాడు.

మౌని వంగి షట్టర్ స్ప్రింగు సరిచేస్తున్నట్టు నటించాడు. అది ఫ్రెంచ్ కాదు, క భాష. ప్రతి అక్షరానికీ ముందు ఒక 'క' తగిలించి పిల్లలు ఆడుకునే భాష. అక్కాచెల్లెళ్ళు పెద్దయ్యాక కూడా అందులోనే గుసగుసలాడుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో భార్య అతన్ని కూర్చోబెట్టి మరీ నేర్పింది. అందులోంచి 'క'లు తీసేస్తే మిగిలేది ఒకే మాట.

వెళ్ళు.

బెదిరింపా? జాగ్రత్తా? ఆ ఒక్క మాటలో రెండూ పట్టేలా ఉన్నాయి.

"పట్టేద్దామా?" అన్నాడు పెద్దాయన ఆ సాయంత్రం కళ్ళజోళ్ళ షాపులో.

"పడితే మనకు దొరికేది గొంతు ఒక్కటే. చంపే చెయ్యి పారిపోతుంది."

"మీ మరదలు ఎటువైపు?"

మౌని మణికట్టు మీది వాసన ఇంకా పోలేదు. "తెలీదు సార్" అన్నాడు. అది నిజం. తెలుసుకోవాలని ఎంత బలంగా ఉందో మాత్రం చెప్పలేదు.

* * *

ఆదివారం పార్కు పూలతో, జనంతో పొంగిపోతోంది. చెరువులో పడవలు తిరుగుతున్నాయి. మొక్కలు పెంచే గాజు గది చుట్టూ కుండీలు బారులు తీరాయి. ప్రొఫెసరమ్మ ఆకుపచ్చ శాలువా కప్పుకుని, కర్ర తాటిస్తూ, ప్రతి మొక్క దగ్గరా ఆగి దాని పేరు చదువుతోంది. ఏ తొందరా లేదు. పెద్దాయన మనుషులు తోటమాలుల వేషాల్లో అక్కడక్కడా కత్తెర్లు ఆడిస్తున్నారు. వాళ్ళలో ఒకడు కంగారులో ఒక గులాబీ మొక్కను బోడి చేసేశాడు.

మౌని పడవల రేవు దగ్గర ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాడు. అతని కళ్ళు ముగ్గురి మీద ఉన్నాయి. బుడగలు అమ్మేవాడు ప్రొఫెసరమ్మ వెనకాలే తిరుగుతున్నాడు. ఐస్‌క్రీమ్ బండివాడు ఎవరికీ ఐస్‌క్రీమ్ అమ్మడం లేదు. పేపరు చదువుతున్న ఒకడు పేజీ తిప్పి చాలాసేపయింది.

కళ్ళజోడు పుల్ల చెవి దగ్గర సన్నగా గరగరలాడింది. మూడో అంతస్తులో ఎవరో మైకు ఆన్ చేశారు.

"దయచేసి వినండి. ఆకుపచ్చ శాలువా ఒకటి మాకు దొరికింది."

భార్య గొంతు. అదే మెత్తదనం, చివర అదే చిరునవ్వు. పార్కులో ప్రతి చెట్టు మీద నుంచీ ఆమె మాట్లాడుతోంది. మౌని లేచి నిలబడ్డాడు. బుడగలవాడు ఒక చెయ్యి జేబులో పెట్టాడు. మౌని అటు అడుగు వేశాడు.

"పోగొట్టుకున్నవారు సమాచార కేంద్రానికి రావలసిందిగా మనవి."

ప్రకటన అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు.

"ఇంకొక ప్రకటన. ఒక పాప తప్పిపోయింది. గులాబీ గౌను వేసుకుంది. పాప పేరు కఫోకటో. మళ్ళీ చెబుతున్నాను, కఫోకటో. కనిపించినవారు వెంటనే..."

స్పీకర్లో పెద్ద చప్పుడు. ఏదో గాజు పగిలింది. మైకు ఆగిపోయింది.

విదేశీ పిల్ల కాబోలని జనం అటూ ఇటూ చూశారు. ఒక్క మౌనికే ఆ పేరు అర్థమైంది.

ఫోటో.

మొక్కల గాజు గది ముందు, మెడలో పెద్ద కెమెరా వేసుకున్న మనిషి ప్రొఫెసరమ్మ ఎదురుగా వంగి నిలబడ్డాడు. "ఒక్క ఫోటో అమ్మా. కొంచెం గడ్డం పైకెత్తండి. ఆ... అలా."

మౌని బంతిపూల మడుల మీదుగా దూకాడు. కుండీలు దొర్లిపోయాయి. ఎవరో కేక వేశారు. కెమెరా మీద వేలు కదలడం అతనికి కనిపించింది. పరుగు ఆపకుండానే గ్రీజు గన్ పైకెత్తి నొక్కాడు. నల్లటి ముద్ద గాలిలో సాగి లెన్సు మీద ఫట్‌మని అంటుకుంది.

క్లిక్.

ఏమీ జరగలేదు. ఫోటోగ్రాఫర్ మళ్ళీ నొక్కాడు. లెన్సుకు అంటుకుని రాయైన జిగురులోంచి వెంట్రుకంత సన్నటి సూది మొన బయటికి వచ్చి ఆగిపోయింది. ప్రొఫెసరమ్మ మెడకు బెత్తెడు దూరం. అతను కెమెరా వదిలి పరుగెత్తాలనుకున్నాడు. జిగురు అతని వేళ్ళకు కూడా పాకింది. కెమెరాతో సహా తోటమాలుల చేతుల్లోకి పడ్డాడు.

ప్రొఫెసరమ్మ అతని మొహం వైపు చాలాసేపు చూసింది. కర్ర ఎత్తి కొడుతుందేమో అనుకున్నారు. కొట్టలేదు.

"ఇంత మామూలుగా ఉంటాడనుకోలేదు" అంది.

మౌని అప్పటికే సెంటర్ వైపు పరుగు తీశాడు.

* * *

సెంటు షాపు వెనక గదిలో అడుగు పెట్టలేనంత ఘాటు. వంద సీసాలు ఒకేసారి పగిలినట్టుంది. మేనేజర్ నేల మీద కళ్ళు రెండు చేతులతో మూసుకుని మూలుగుతున్నాడు. పార్కు వైపు కిటికీలో అతని బైనాక్యులర్లు వేలాడుతున్నాయి. "నీరు... నీరు తెమ్ము" అంటున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా వ్యాకరణం తప్పడం లేదు. మౌని అతని చేతులు విరిచి పైపుకు కట్టేశాడు.

మరదలు గోడకు ఆనుకుని కూర్చుంది. భుజం దగ్గర చీర రక్తంతో తడిసిపోయింది. పక్కన విరిగిన సీసా మెడ.

"బతికిందా ఆవిడ?"

"బతికింది." అతను తువ్వాలు చింపి ఆమె భుజానికి కట్టాడు. "చిట్టీ, ఎందుకు?"

ఆమె నవ్వబోయి నొప్పితో ఆగింది. "సెంటు సీసాలు మోసుకెళ్ళమన్నారు బావా, దేశం నుంచి దేశానికి. అందులో ఏముందో తెలిసేసరికి పీకల్దాకా మునిగాను. అక్క పోయిందని తెలిసినప్పుడు కూడా కదలనివ్వలేదు. ఇక్కడికి తెచ్చి ఈ మైకు ముందు కూర్చోబెట్టారు. మొదటిసారి నిజంగా ఎవరిదో సంచి పోయిందనుకున్నాను. మర్నాడు తెలిసింది, ఆవిడ పోయిందని."

"రెండోసారి?"

"రెండోసారి తెలిసే చదివాను." ఆమె కళ్ళు దించలేదు. "నెత్తిమీద వాడు కూర్చున్నాడు. చదవకపోతే నేను పోతాను. పోలేకపోయాను బావా. మాటలు వాళ్ళవి. గొంతు ఒక్కటే నా చేతిలో ఉంది. జనానికి అలవాటైన గొంతు కదా, ఎవరూ అనుమానించరని వాడికి చెప్పి, మొదట్నుంచీ అక్కలాగే చదివాను. ఎక్కడున్నా నువ్వు వింటావని. వస్తావని."

"వస్తే పొమ్మన్నావు."

"వచ్చాక భయమేసింది. నిన్ను కూడా చంపేస్తారేమోనని."

మౌనికి అప్పుడు తట్టింది. ఆమె మాట్లాడుతున్నది తన సొంత గొంతుతో. అది కాస్త బొంగురు. అక్కది కాదు. ఇన్నాళ్ళూ తనకు తెలియకుండానే అతను ఒక పిచ్చి ఆశ దాచుకున్నాడు. గాజు గదిలోనో, గోడ వెనకాలో, ఎక్కడో ఆమె ఊపిరి తీసుకుంటూనే ఉందని. ఆ ఊపిరి ఈ గదిలో, ఈ గాజుపెంకుల మధ్య ఆగిపోయింది. బయట ఎస్కలేటర్ దగ్గర రికార్డింగ్ మామూలుగా నడుస్తోంది. అందులో ఊపిరి లేదు. ఎప్పుడూ లేదు.

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. సెంటు ఘాటుకే కళ్ళు మండాయని ఎవరైనా అనుకోవచ్చు.

"బావా, నన్నేం చేస్తారు?"

"నిజం చెప్పమంటారు. నేనూ నిజమే చెబుతాను. ఇద్దరు పోయారు, ఒకరు బతికారు. రెండూ చెబుతాను." అతను ఆమెకు చెయ్యి అందించాడు. "లే. మెల్లగా."

సర్వీసు గేటు దగ్గర కారు ఆగి ఉంది. ముందు సీట్లో ప్రొఫెసరమ్మ. మరదలు వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి ప్రొఫెసరమ్మ వెనక్కి తిరక్కుండానే ఆకుపచ్చ శాలువా తీసి వెనక్కి అందించింది.

"రక్తం పోతే చలేస్తుంది. కప్పుకో. క్షమించానని మాత్రం అనుకోకు."

మరదలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుంది.

అంతలో పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. మొహంలో అలసట, దాని వెనకాల ఇంకేదో ఇబ్బంది.

"అంతా బాగానే ఉందిగానీ, ఒక చిక్కొచ్చి పడింది మౌనీ. పార్కు సెక్యూరిటీ వాళ్ళు ఇంకా కఫోకటో కోసం వెతుకుతున్నారు. ఇప్పటికి గులాబీ గౌను పాపలు ముగ్గురు దొరికారట."